చిన్న గదిలో స్టూడియో మానిటర్లు: సెల్ఫులోనా, గోడకు బిగించాలా, స్టాండు మీదా?

కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. "అన్నా, మేడ మీద గది 10 అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవు. కప్పు ఎత్తు కూడా 10 అడుగులే. యమహా హెచ్‌ఎస్ 5 స్టూడియో మానిటర్ స్పీకర్ల జత కొన్నాను. పొడవు గోడకు టేబుల్ వేసి, గోడలో ఉన్న కడప బండ సెల్ఫుల్లో స్పీకర్లు పెట్టాను. కుర్చీలో కూర్చుంటే డప్పు, కిక్ డ్రమ్ సరిగ్గా వినపడవు. వెనక మూలలో ఉన్న తలుపు దగ్గర నిలబడితే గుమ్మని మోగుతాయి. బాస్ పెంచి మిక్స్ చేస్తే కారులో అంతా బురదగా ఉంటోంది. గోడకు బ్రాకెట్లు వేసి పైన బిగిస్తే బాగుపడుతుందా? మైక్‌నూ స్పీకర్లనూ కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటోంది, అది స్పీకర్ లోపమా?"

సూటిగా చెప్తాను తమ్ముడూ. బ్రాకెట్లు వద్దు. సెల్ఫులోంచి కూడా దించెయ్. టేబుల్‌ను 10 అడుగుల గోడ వైపుకు మార్చి, దాని వెనక రెండు బరువైన స్టాండ్ల మీద స్పీకర్లు పెట్టు. ట్వీటర్, అంటే పైస్వరాలు పలికే చిన్న గుమ్మటం, నీ చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉందో, ఒక్కొక్క స్పీకర్ నుంచి నీ తలకు అంతే దూరం ఉండాలి. ఇక ఆ జిల్లుమనడం చాలావరకు మీ ఇంటి ఎర్తింగ్ లోపం. అది సరిచేసేదాకా ఆ గదిలో ఎవరి చేతికీ మైక్ ఇవ్వొద్దు. మిగతావన్నీ నిదానంగా చేసుకోవచ్చు, ఇది మాత్రం ఈ వారమే కావాలి. అందుకే దీనితోనే మొదలుపెడతాను.

నేను కర్నూలు పాతబస్తీలో ఇరవై రెండేళ్లుగా రికార్డింగు పని చేస్తున్నాను. భజనలు, జానపదాలు, ఉరుసు రోజుల్లో ఖవాలీలు, ఈ మధ్య ఎక్కువగా యూట్యూబ్ పాటలు. అటు అనంతపురం, ఇటు కడప దాకా వెళ్లి ఇళ్లలో కుర్రాళ్లు పెట్టుకున్న గదులు సర్దిపెడుతుంటాను. అందరూ స్పీకర్ ఏ కంపెనీదో అడుగుతారు. గోడలో కరెంటు ఎలా ఉంది, గదిలో స్పీకర్ ఎక్కడ ఉంది అని అడిగేవాళ్లు తక్కువ. నా అనుభవంలో సమస్యలన్నీ ఈ రెండింటి దగ్గరే ఉంటాయి.

ముందు కరెంటు

కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, స్పీకర్ వీటన్నిటి పవర్ సప్లైల నుంచి కొద్దిపాటి కరెంటు లోహపు బాడీ మీదికి వస్తూనే ఉంటుంది. ఎర్త్ బాగుంటే అది నేలలోకి పోతుంది. బాగలేకపోతే నీ వేలి గుండా పోతుంది. నీకు జిల్లుమన్నది అదే. లోపల ఇన్సులేషన్ ఎప్పుడైనా దెబ్బతింటే ఇదే జిల్లు పెద్ద షాక్ అవుతుంది. పాడేవాళ్లు మైక్‌ను పెదాలకు ఆనించి, బండల మీద చెప్పుల్లేకుండా నిలబడతారు. ఆలోచించు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సాకెట్లో రెండు కొలతలు చూడమను. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎర్త్ తీగ అసలు సాకెట్ దాకా వచ్చిందో లేదో కూడా విప్పి చూడమను. మూడు రంధ్రాల సాకెట్ కనబడుతుంది, వెనక రెండే తీగలుంటాయి. పాత ఇళ్లలో ఇది నేను చాలాసార్లు చూశాను.

ఒక మే నెలలో అనంతపురంలో ఒక పాటల ఆయన గదికి వెళ్లాను. కుడి స్పీకర్‌లో హమ్, అంటే గుయ్యిమనే మోత, వస్తోందని రెండుసార్లు కేబుళ్లు మార్చారట. నేను మల్టీమీటర్ పెడితే న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య 21 వోల్టులు చూపించింది. ఇంటి వెనకాల ఎర్త్ గుంత మీద మట్టి పెంకులా ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఆయన బిందెతో నీళ్లు పోస్తుంటే నేను లోపల మీటర్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి రెండు బిందెలకు అంకె కదల్లేదు. మూడో బిందె ఇంకుతుండగా 17 అయింది, తర్వాత 11, కాసేపటికి 3 దగ్గర నిలబడింది. హమ్ పోయింది. మన నేలలో ఎండాకాలం తేమ అడుగంటుతుంది కాబట్టి ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంత అయినా మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి తడపాలి. నీళ్లు పోసినా రెండు రోజులకే మళ్లీ పెరుగుతుంటే గుంత కొత్తగా వేయించుకోవడమే మేలు. మీటర్ బోర్డు దగ్గర 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై తెంచేసే స్విచ్, కూడా పెట్టించు. ఎర్త్ ఎంత బాగున్నా అది ఉండాల్సిందే.

హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ పని ఎప్పుడూ చేయొద్దు. హమ్ తగ్గించాలంటే స్పీకర్లు, ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వు. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్‌కు బ్యాలెన్స్‌డ్ కేబులే వాడు, అంటే ప్లగ్గు మీద రెండు నల్ల గీతలున్న టీఆర్‌ఎస్ గానీ, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ గానీ. హమ్ ఇంకా మిగిలితే ఇంటర్‌ఫేస్‌కూ స్పీకర్‌కూ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు.

కడప వైపు ఇంకో సంగతి ఉంది. చాలామందికి స్పీకర్లు కువైట్ నుంచి బంధువులు తెస్తారు. అక్కడి 240 వోల్టులకూ మన 230కీ పెద్ద తేడా లేదు కాబట్టి స్పీకర్‌కు ఏమీ కాదు. కానీ ప్లగ్ పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మన సాకెట్లో పట్టవు. దానికి రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే ఎర్త్ అక్కడే తెగిపోతుంది. అడాప్టర్ బదులు మన మూడు పిన్నుల కేబుల్ కొని తగిలించు. అమెరికా నుంచి తెచ్చినవైతే వెనక 120 వోల్టులని రాసి ఉండొచ్చు. అలాంటిది మన సాకెట్లో పెట్టిన క్షణంలోనే పోతుంది. కొన్ని మోడళ్లకు వెనక 115, 230 అని మార్చుకునే స్విచ్ ఉంటుంది, ప్లగ్ పెట్టేముందు టార్చి వేసి చూసుకో.

నీ స్పీకర్లు రెండూ కలిపి వంద వాట్లకు అటూ ఇటుగా తీసుకుంటాయి, అంతే. కాబట్టి కంప్యూటర్‌తో కలిపి ఒక కిలోవాట్ స్టెబిలైజర్ సరిపోతుంది. పాతరకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద స్పీకర్లు నడిస్తే గీ అని సన్నటి మోత వస్తుంది, ప్యూర్ సైన్‌వేవ్ అయితే రాదు. ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు అన్నిటికంటే చివర, ఆపేటప్పుడు అన్నిటికంటే ముందు. ఈ వరస తప్పితే వచ్చే ఢప్ అనే దెబ్బ ఊఫర్ (బాస్ పలికే పెద్ద కోను) మీద పడుతుంది. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గులు పీకి పెట్టు.

ఎక్స్‌టెన్షన్ బాక్సులు నేల మీద పెట్టొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు నా గదిలో నేల మీద ఉన్నవన్నీ పోయాయి. నీది మేడ మీది గది, వరద రాదనుకో. బండలు తుడిచే నీళ్లు మాత్రం వస్తాయి. టేబుల్ కాలికి అడుగున్నర ఎత్తులో బిగించు.

బ్రాకెట్ ఎందుకు వద్దంటున్నానంటే

మొదటి కారణం, మామూలు హెచ్‌ఎస్ 5 బాడీకి బ్రాకెట్ బిగించే చోటే లేదు. అందుకోసం కంపెనీ ఐ అని చివర ఉండే వేరే మోడల్ చేస్తుంది. లేని చోట డ్రిల్లు పెట్టి మరలు దింపితే చెక్క పొడి చెక్క కాబట్టి పట్టు వదిలేస్తుంది, పెట్టెలోంచి గాలి లీకై బాస్ పాడవుతుంది, వారంటీ కూడా పోతుంది.

రెండోది మన గోడలు. పాత మిద్దె ఇళ్లలో గోడ రెండడుగుల మందం ఉంటుంది, చూస్తే కోటలా కనబడుతుంది. లోపల రాయీ మట్టీనే. చాలా ఏళ్ల కిందట నేనే ఒక మిద్దె గదిలో బ్రాకెట్లు వేయించాను. డ్రిల్లు చులాగ్గా దిగింది, సంతోషపడ్డాను. అంత చులాగ్గా దిగిందంటే అది రాయి కాదు, రాళ్ల మధ్య మట్టి అని అప్పుడు తట్టలేదు. నాలుగు నెలలకు ఒక రాత్రి ఎడమ స్పీకర్ బ్రాకెట్‌తో సహా ఊడి టేబుల్ మీద పడింది. ప్లాస్టిక్ గట్ట చుట్టూ చిటికెడు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ట్వీటర్ గుమ్మటం లోపలికి నొక్కుకుపోయి, స్పీకర్ మూల తగిలి టేబుల్ చెక్క చీలింది. అరగంట ముందు అదే కుర్చీలో ఒక పదేళ్ల పాప కూర్చుని తను పాడిన పాట విని వెళ్లింది. ఆ రోజు నుంచి తల దగ్గర్లో వేలాడే ఏ బరువునూ నేను మేకు మీద నమ్మను.

తప్పనిసరిగా గోడకే బిగించాల్సి వస్తే, బిగించే రంధ్రాలున్న మోడల్ అయి ఉండాలి. గోడ గట్టి ఇటుక గానీ కాంక్రీటు గానీ అయి ఉండాలి. ప్లాస్టిక్ గట్టలు కాకుండా ఇనుప యాంకర్ బోల్టులు వాడాలి. బ్రాకెట్‌తో సంబంధం లేకుండా ఇంకో హుక్కుకు సన్నటి స్టీలు తీగతో స్పీకర్‌ను కట్టి ఉంచాలి. బ్రాకెట్ వదిలేసినా తీగ పట్టుకోవాలి. గుడుల్లో, ఫంక్షన్ హాళ్లలో స్పీకర్లు ఎక్కించేవాళ్లకు కూడా నేను ఇదే చెప్తాను.

మూడోది, పైన బిగిస్తే ట్వీటర్ శబ్దం నీ తల మీదుగా పోతుంది. కిందికి వంచొచ్చు, కానీ నీ గదికి స్టాండు ఉండగా ఆ తిప్పలెందుకు?

స్టాండ్లు చేయించుకోవడం

కొనక్కర్లేదు. కడపలో ఉన్నావు, బరువుకు కరువు లేదు. 15 అంగుళాల చదరంలో, అంగుళంన్నర మందమున్న కడప బండ ఒకటి సుమారు 14 కిలోలు తూగుతుంది. అదే స్టాండుకు అడుగు. దాని మీద వెల్డింగ్ షాపులో మూడంగుళాల చదరపు ఇనుప పైపు, పైనా కిందా ప్లేటు వేయించి, కింది ప్లేటును బండకు నాలుగు బోల్టులతో బిగించాలి. పైపులో సన్న ఇసుక నింపు. ఇసుకను పెనంలో వేయించి చల్లార్చి పోయాలి, తడి ఉంటే లోపల తుప్పు పడుతుంది. ఇసుక పోశాక పైపును గోరుతో కొడితే టంగుమనకుండా దబ్‌మని మూగగా పలకాలి. బండ మూలలు గుండ్రంగా అరగదీయించు, కాళ్లకు తగులుతాయి. బండ కింద నాలుగు రబ్బరు బుష్‌లు వెయ్. బండల నేల ఎప్పుడూ సమంగా ఉండదు కాబట్టి ఊగితే ఒక బుష్ కింద రేకు ముక్క పెట్టి సరిచెయ్. కోసుగా ఉండే ఇనుప స్పైకులు మన నేలలకు పనికిరావు, జారతాయి, గీతలు పడతాయి.

ఎత్తు ఎలా కొలవాలంటే, నువ్వు పని చేసే కుర్చీలో, పని చేసేటప్పుడు ఎలా కూర్చుంటావో అలాగే కూర్చుని, నేల నుంచి చెవి రంధ్రం దాకా ఎవరిచేతనైనా కొలిపించు. చాలామందికి 45 నుంచి 48 అంగుళాల మధ్య వస్తుంది. నీ స్పీకర్ నిలబెడితే ట్వీటర్ అడుగు నుంచి ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర ఉంటుంది. దాని కింద అంగుళంన్నర రబ్బరు గానీ గట్టి ఫోమ్ గానీ వేస్తావు. చెవి 46 అనుకుంటే స్టాండు, బండతో కలిపి 36 అంగుళాలు. పై ప్లేటు స్పీకర్ అడుగు కంటే చిన్నది కాకూడదు. ఇంట్లో పిల్లలుంటే ప్లేటుకూ స్పీకర్‌కూ కలిపి ఒక పట్టీ చుట్టు. 5 కిలోల పైచిలుకు బరువు అది.

పడుకోబెట్టొద్దు. పాత ఫొటోల్లో యమహా ఎన్‌ఎస్ 10 స్పీకర్లు అడ్డంగా పడుకుని కనబడతాయి కదా అని చాలామంది అడుగుతారు. నీ దాంట్లో ఊఫర్, ట్వీటర్ ఒకదాని మీద ఒకటి ఉంటేనే తల పక్కకు కదిపినా శబ్దం మారకుండా ఉంటుంది. అడ్డం పెడితే తల నాలుగంగుళాలు జరిగినా గొంతు రంగు మారిపోతుంది.

ఎక్కడ పెట్టాలి, నీ గదికే లెక్క

10 అడుగుల గోడ నీకు ఎదురుగా ఉండాలి. టేపు తీసుకుని ఈ అంకెలు నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకో.

గోడ నుంచి స్పీకర్ ముఖం దాకా 15 అంగుళాలు. స్పీకర్ లోతు తొమ్మిది అంగుళాల లోపే కాబట్టి వెనక ఆరంగుళాల ఖాళీ వస్తుంది. నీ చెవులు గోడ నుంచి 5 అడుగుల దూరంలో. 13 అడుగుల్లో 5 అంటే దాదాపు 38 శాతం, అది మొదలుపెట్టడానికి మంచి చోటు. ఈ లెక్కన ట్వీటర్ నుంచి ట్వీటర్‌కు 4 అడుగుల 4 అంగుళాలు, ట్వీటర్ నుంచి చెవికి కూడా అంతే. పక్క గోడ నుంచి ఒక్కొక్క స్పీకర్ మధ్యకు 2 అడుగుల 10 అంగుళాలు. ఎడమ ఎంతో కుడి అంతే, అరంగుళం తేడా కూడా వద్దు. స్పీకర్ ముఖాలు లోపలికి తిప్పి, రెండు చూపులూ నీ తలకు జానెడు వెనక కలిసేట్టు పెట్టు.

ఇప్పుడు నీ కుర్చీలో కిక్ ఎందుకు మాయమైందో చూద్దాం. రెండు గోడల మధ్య దూరానికి తగినట్టు కొన్ని బాస్ స్వరాలు గదిలో నిలబడిపోతాయి. 10 అడుగులకు అది 56 హెర్ట్జ్ దగ్గర, 13 అడుగులకు 43 దగ్గర వస్తుంది. ఆ స్వరం గోడల దగ్గర గట్టిగా, రెండు గోడలకు నట్టనడుమ దాదాపు శూన్యంగా ఉంటుంది. నువ్వు పొడవు గోడకు టేబుల్ వేశావు కాబట్టి నీ తల సరిగ్గా ఆ 10 అడుగుల మధ్యకు వచ్చింది. పైగా కప్పు ఎత్తు కూడా పదే, అంటే అదే స్వరం పైనుంచి కిందికి కూడా నిలబడుతోంది. తలుపు గోడ పక్కనే ఉంది కాబట్టి అక్కడ గుమ్మంటోంది. నీ కుర్చీలో లేని బాస్‌ను నువ్వు మిక్స్‌లో పెంచావు, కారులో అదంతా బయటపడింది. స్పీకర్ తప్పేమీ లేదు.

కొత్త చోట కూడా ఎడమ కుడి గోడలకు మధ్యలోనే కూర్చుంటాను కదా అంటావేమో. అక్కడ రెండు స్పీకర్లూ సమానంగా అటూ ఇటూ ఉంటాయి కాబట్టి వెడల్పు వైపు 56 హెర్ట్జ్ అసలు లేవదు, ఎడమ తోపును కుడి తోపు చెరిపేస్తుంది. అరంగుళం తేడా కూడా వద్దన్నది ఇందుకే.

గోడకు దగ్గరగా పెట్టమంటున్నాడేమిటి, దూరం పెట్టాలని అందరూ అంటారు కదా అని ఇంకో అనుమానం రావాలి. స్పీకర్ శబ్దం వెనక గోడకు తగిలి తిరిగొచ్చి ముందు శబ్దంతో కలుస్తుంది. ఒక స్వరం దగ్గర రెండూ ఎదురెదురై కొట్టుకుపోతాయి. స్పీకర్ ముఖం గోడకు ఒక మీటరు దూరంలో ఉంటే ఆ గుంట 85 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఇంత చిన్న గదిలో దాన్ని శబ్దం పీల్చే ఏ ప్యానెలూ పూడ్చలేదు. 15 అంగుళాలకు అదే గుంట 220 దగ్గరకు జరుగుతుంది. అక్కడైతే స్పీకర్ వెనక గోడకు నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. దగ్గరగా ఉన్నందుకు బాస్ కొంచెం పెరుగుతుంది. అందుకే నీ స్పీకర్ వెనక రూమ్ కంట్రోల్ అనే స్విచ్ ఉంది, దాన్ని 0 నుంచి మైనస్ 2 కు పెట్టి విను. ఇంకా బరువనిపిస్తే మైనస్ 4.

సెల్ఫు ఎందుకు వద్దో కూడా ఇక్కడే చెప్పాలి. నీ స్పీకర్‌కు గాలి రంధ్రం వెనక ఉంటుంది. సెల్ఫులో పెడితే మూడు వైపులా గోడ, పైనా కిందా బండ. కుండలో నోరు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. ఆంప్లిఫయర్ వేడి కూడా వెనకనుంచే పోవాలి. మన ఊళ్లలో 42, 43 డిగ్రీల ఎండల్లో ఆ గూట్లో గాలి కదలదు. ఆరంగుళాల ఖాళీ ధ్వనికోసమే కాదు, వేడి పోవడానికి కూడా.

గోడలు, బండలు

బేతంచర్ల బండలైనా, తాడిపత్రి బండలైనా, కడప బండలైనా శబ్దానికి అద్దాలే. కాబట్టి అద్దంతోనే పట్టుకోవాలి. నువ్వు కుర్చీలో కూర్చో, ఇంకొకరు పక్క గోడకు ఆనించి అద్దాన్ని జరుపుతూ పోవాలి. అద్దంలో నీకు ఏ చోట ట్వీటర్ కనబడితే ఆ చోట ప్యానెల్ రావాలి. రెండు పక్కలా చెయ్, నీ తలపైన కప్పుకూ చెయ్. ప్యానెల్ అంటే రెండడుగులు నాలుగడుగుల చెక్క ఫ్రేము, లోపల నాలుగంగుళాల రాక్‌వూల్, క్యూబిక్ మీటరుకు 48 కిలోల సాంద్రతది చాలు. పైన గుడ్డ. ఆ గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి, పోకపోతే అది పనికిరాదు. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, పూర్తి చేతుల చొక్కా. కప్పు ప్యానెల్‌ను గమ్‌తో అంటించొద్దు, నాలుగు హుక్కులకు గొలుసులు.

డబ్బు చాలకపోతే పక్క గోడలకూ, వెనక మూలలకూ దూది వాడుకోవచ్చు. ఆదోని పత్తి మార్కెట్ మనకు పక్కనే, పరుపులు కుట్టేచోట పాత దూది చవగ్గా దొరుకుతుంది. మందపాటి దూది పరుపును గట్టిగా చుట్టి వెనక రెండు మూలల్లో నిలబెడితే గుమ్మనడం బాగా తగ్గుతుంది. నా గదిలో ఆరేళ్లు అవే ఉన్నాయి.

కోడిగుడ్ల అట్టలు బాస్‌ను ఏమీ చేయలేవు. సన్న ఫోమ్ కూడా చేయలేదు, పైగా ఫోమ్ అంటుకుంటే క్షణాల్లో గదినిండా విషపు పొగ. దూది కూడా నిప్పంటుకునేదే. మన దగ్గర కొత్త గదికి పూజ చేయకుండా పని మొదలుపెట్టం, పెట్టాలి కూడా. కర్పూరం, అగరబత్తులు గుమ్మం బయట వెలిగించు, లోపల మాత్రం వద్దు. గదిలో ఒక చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తలుపు పక్కన తగిలించు.

పూజ అన్నాను కాబట్టి ఇంకో మాట. కొత్త స్పీకర్‌కు బొట్టు పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్లు అనుకుంటారు. పెట్టనివ్వు, కానీ పెట్టె పక్కన. ఒక ఇంట్లో అమ్మ ప్రేమగా తడి కుంకుమ సరిగ్గా ట్వీటర్ గుమ్మటం మధ్యలో పెట్టింది. వేలి ముద్రంత నొక్కు పడి, తుడవబోతే ఇంకా లోపలికి పోయింది. ఆ గుమ్మటాన్ని దుమ్ము తుడవడానికి కూడా ముట్టుకోవద్దు. మెత్తటి పెయింటు బ్రష్‌తో ఊఫర్ మీది దుమ్ము తీస్తే చాలు. పని లేనప్పుడు పలచటి గుడ్డ కప్పు, ఆన్ చేసేముందు తీసెయ్.

వెనక గాలి రంధ్రంలోకి బల్లులు దూరతాయి. ఒక స్పీకర్‌లో గరగర వస్తోందని విప్పితే లోపల బల్లి చచ్చి సర్క్యూట్‌కు అంటుకుని ఉంది. వాడనప్పుడు రంధ్రంలో ఫోమ్ ఉండ పెట్టి, వాడేటప్పుడు గుర్తుగా తీసెయ్. స్ప్లిట్ ఏసీ కింద స్పీకర్ రాకుండా చూసుకో, గొట్టం మూసుకుపోయిన రోజు నీళ్లు దానిమీదే పడతాయి.

పెట్టాక వినాల్సిన తీరు

మొదట ఒక గొంతు మాత్రమే ఉన్న మోనో రికార్డింగు పెట్టు. కళ్లు మూసుకుంటే గొంతు సరిగ్గా ఎదురుగా, ఒక మనిషి ముఖం అంత చోటులోంచి రావాలి. అటూ ఇటూ చెదిరి పలచగా ఉంటే ఒక కేబుల్ తీగలు తిరగబడ్డాయేమో చూడు. ఒక పక్కకు లాగుతుంటే దూరాలు మళ్లీ కొలువు.

తర్వాత పింక్ నాయిస్‌ను (అన్ని స్వరాలూ కలిసిన హోరు, కొలతలకు వాడేది) మైనస్ 20 డీబీ (డెసిబెల్) దగ్గర ఒక్కో స్పీకర్‌లో విడివిడిగా మోగించి, కుర్చీలో తల ఉండే చోట ఫోన్ పెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో సీ వెయిటింగ్, స్లో అనే సెట్టింగులతో కొలువు. నీ గదికి 74 నుంచి 76 డీబీ మధ్య చాలు. రెండు స్పీకర్లూ సమానంగా రావాలి. ఫోన్ అంకె అచ్చంగా నిజం కాకపోయినా రెండింటి మధ్య తేడా చూపిస్తుంది. వాల్యూమ్ అక్కడ పెట్టి, నాబ్ దగ్గర టేపు అంటించి గుర్తు రాసుకో. రోజూ అదే గుర్తు దగ్గర పని చేస్తే చెవికి ఒక కొలత అలవాటవుతుంది. 85 డీబీ దగ్గర చెవికి రోజుకు ఎనిమిది గంటలు హద్దు. మూడు డీబీ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గరకు వచ్చేసరికి గంటే. నాతో మొదలుపెట్టిన వాళ్లలో ఇద్దరికి ఇప్పుడు చెవుల్లో ఎప్పుడూ కీచుమంటూనే ఉంటుంది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టదంటారు. ఈ విషయంలో మొహమాటం వద్దు, పాడినవాళ్లు సౌండ్ పెంచమన్నా పెంచకు.

ఇంకా పట్టుదల ఉంటే కొలత మైక్ ఒకటి సంపాదించి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ ప్రోగ్రాంతో గదిని కొలువు. అందులో 40 నుంచి 250 హెర్ట్జ్ మధ్య గీత చూడు. పెద్ద గుంట కనబడితే ఈక్యూతో, అంటే స్వరాలను విడిగా పెంచే తగ్గించే సాధనంతో, పెంచి పూడ్చాలని చూడకు, ఎంత పెంచినా గది మింగేస్తుంది, ఊఫర్ మీద బరువు పడుతుంది. కుర్చీని రెండంగుళాలు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ కొలువు. నా గదిలో నాలుగంగుళాల జరుపు నెల రోజుల తలనొప్పి తీర్చింది.

మీ గది తలుపు వెనక మూలలో ఉందని రాశావు. తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి అదే కిక్ విను. ఫ్యాన్ ఆపి విను, రెక్కలకు తగిలి పైస్వరాలు వణుకుతాయి. ఎర్త్ కొలతలు, తలుపు తేడా రెండూ ఇక్కడే రాయి. ఆ మూలలో పరుపు నిలబెట్టాలా, తలుపుకే ప్యానెల్ బిగించాలా అన్నది అవి చూశాక చెప్తాను.